అండ్ల బెల్లం ఏది బిడ్డా? ఒక ఫొటో, నాలుగు జాతరలు

2023 జనవరి. ములుగు దాటాక ఒక పెళ్లి షూట్‌కి పోతున్నాం, డ్రైవర్ తమ్ముడికి ఒళ్లు కాలిపోతుంటే దారిలో ఉన్న ప్రైమరీ హెల్త్ సెంటర్ దగ్గర బండి ఆపాం. మందుల కిటికీ పక్కన గోడకి కొత్త క్యాలెండర్ వేలాడుతోంది. జనవరి పేజీ మీద తరాజు పళ్లెంలో కూర్చున్న చిన్న పిల్లాడు, గుండు చేయించారు, గుండు మీద పసుపు, రెండు చేతుల్తో గొలుసు పట్టుకుని ఎటో చూస్తున్నాడు. ఆ ఫొటో నేను తీసింది. కింద పెద్ద అక్షరాల్లో "బరువు తక్కువ పిల్లలను త్వరగా గుర్తిద్దాం" అని ఉంది, ఒక సంస్థ లోగో ఉంది, నా పేరు ఎక్కడా లేదు. పేరు సంగతి తర్వాత, ముందు నా గుండె ఆగినంత పనైంది ఎందుకంటే ఫొటోలో సగం లేదు. రెండో పళ్లెం కోసేశారు. ఆ పళ్లెంలో బెల్లం ఉండాలి.

రెండేళ్లకోసారి ములుగు అడవుల్లో జరిగే మేడారం జాతరకి పోయినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. సమ్మక్క సారలమ్మలకి మొక్కుకున్నవాళ్లు మనిషి బరువుకి సరిపడా బెల్లం తూచి గద్దెల దగ్గర సమర్పిస్తారు, దాన్ని అక్కడ బెల్లం అనరు, బంగారం అంటారు, నిలువెత్తు బంగారం. అంటే ఒక ఇంటివాళ్లు మొక్కు తీర్చుకుంటున్న ఫొటో, గోడ మీద కొచ్చేసరికి పోషకాహార లోపం ఫొటో అయిపోయింది.

ఈ ఫీల్డ్‌లోకి కొత్తగా వచ్చే తమ్ముళ్లు నన్ను అడిగేవి మూడే. ఏ కెమెరా కొనాలన్నా, అసైన్‌మెంట్లు ఎట్ల వస్తాయన్నా, పేరు ఎప్పుడొస్తదన్నా. ఆ మూడూ ఈ ఒక్క ఫొటోకి చుట్టుకుని ఉన్నాయి కాబట్టి మొత్తం కేసు రాస్తున్నా, లెక్కలతో సహా.

కెమెరా వెంట పడ్డ రెండు జాతరలు

2018 జాతర జనవరి 31 నుంచి ఫిబ్రవరి 3 దాకా. అప్పటికి నా దగ్గర ఉన్నది సెకండ్ హ్యాండ్ నికాన్ డీ7000, దాంతో వచ్చిన 18-105 లెన్స్, విడిగా కొన్న 50 ఎంఎం 1.8. హన్మకొండలో పెళ్లిళ్లకి సెకండ్ షూటర్‌గా పోయేవాణ్ని, ఒక పేపర్‌కి స్ట్రింగర్‌గా ఫొటోకి ఇంత అని ఇచ్చేవాళ్లు. ఎవరూ పంపలేదు, నేనే బస్సెక్కి పోయా. జాతరలో రెండో రోజు గురువారం సాయంత్రం చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తెస్తారు, ఎస్పీ గాల్లోకి తుపాకీ పేల్చి స్వాగతం చెప్తాడు, జనం ఎదురుకోళ్లు ఎగరేస్తారు, ఆ ఒక్క గంట కోసం ఫొటోగ్రాఫర్లందరూ మధ్యాహ్నం నుంచే చోటు పట్టుకుని నిలబడతారు. నాకు చోటు దొరికింది గానీ వెలుతురు దొరకలేదు. 105 దగ్గర ఆ లెన్స్ 5.6 కంటే తెరుచుకోదు, వెలుతురు సరిపోక ఐఎస్ఓ 6400కి పెంచితే ఫొటో నిండా గసగసాలు చల్లినట్టు గ్రెయిన్, అది తగ్గిద్దామని షటర్ స్పీడ్ తగ్గిస్తే అంతా చెదిరిపోయింది. మూడు వందల ఫ్రేముల్లో నాలుగు పనికొచ్చాయి. ఫుల్ ఫ్రేమ్, అంటే పెద్ద సెన్సార్ కెమెరా, ఉంటే వచ్చేది అని ఇంటికొచ్చే దారంతా అదే మాట మనసులో తిరిగింది, రెండేళ్లు తిరిగింది.

2020 జనవరిలో ఒక ఫైనాన్స్‌లో లక్షా ఇరవై వేలు పర్సనల్ లోన్ తీసుకున్నా, పదహారు శాతం వడ్డీ, ఇరవై నాలుగు నెలలు, నెలకి 5,875. కోఠీలో సెకండ్ హ్యాండ్ డీ750 బాడీ 68 వేలు, 24-70 2.8 లెన్స్ 52 వేలు. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకి ఒక మాట, బయట గీతలు చూడకండి, ముందు ఒక జేపెగ్ తీసి దాని డేటాలో షటర్ కౌంట్, అంటే ఇప్పటిదాకా షటర్ ఎన్నిసార్లు తిరిగిందో చూడండి. నాది అప్పటికే లక్షా పదివేలు తిరిగింది, డీ750కి కంపెనీ చెప్పే లెక్క లక్షా యాభై వేలు, అది చూపిస్తేనే షాపాయన నాలుగు వేలు తగ్గించాడు. ఈ మోడల్‌లో కొన్నింటికి షటర్ లోపం ఉందని నికాన్ వాళ్లే ఒప్పుకుని ఫ్రీగా మార్చిచ్చారు కాబట్టి సీరియల్ నంబర్ వాళ్ల సైట్‌లో కొట్టి చూసుకున్నా. లెన్స్‌ని లైటుకి ఎదురుగా పెట్టి లోపల ఫంగస్ ఉందేమో కూడా చూసుకోవాలె.

ఫిబ్రవరి 5 నుంచి 8 దాకా ఆ ఏటి జాతర. ఫొటోలు పదునుగా వచ్చాయి, నిజంగా మంచిగా వచ్చాయి, శివసత్తుల పూనకాలు, జంపన్నవాగులో మునకలు, దుమ్ములో సూర్యుడు. సెలూన్లకి పంపా. సెలూన్ అంటే ఫొటోల పోటీ, బయటివాళ్లకి తెలీదు గానీ మా ఫీల్డ్‌లో అదో పెద్ద ప్రపంచం, ఎంట్రీ ఫీజు కట్టి పంపితే జడ్జిలు యాక్సెప్ట్ చేస్తారు, అట్ల యాక్సెప్టెన్సులు కూడబెడితే ఎఫ్‌ఐఏపీ (అంతర్జాతీయ ఫొటోగ్రఫీ సమాఖ్య) లాంటి చోట్ల పేరు చివర పెట్టుకునే బిరుదు వస్తది. నాకు సర్టిఫికెట్లు వచ్చాయి, రెండు మెడల్స్ కూడా. వాటిని చూసి ఫోన్ చేసి పని ఇచ్చినవాళ్లు మాత్రం ఒక్కరు కూడా లేరు. సెలూన్లు తప్పని అనట్లేదు, లైటు, కంపోజిషన్ నేను అక్కడే నేర్చుకున్నా, కాకపోతే దాంట్లో పేరొస్తే ఆ పేరు సెలూన్ వాళ్ల మధ్యనే ఉంటది.

జాతర అయిన నెలన్నరకి లాక్‌డౌన్. ఏప్రిల్, మే ముహూర్తాలు పదకొండు బుక్ అయి ఉండె, అన్నీ పోయాయి. రిజర్వ్ బ్యాంక్ మారటోరియం ఇచ్చింది కదా, మార్చి నుంచి ఆగస్టు దాకా ఆరు నెలలు కిస్తీలు ఆపుకున్నా, కిస్తీ ఆగింది గానీ వడ్డీ ఆగలేదు, తొమ్మిదిన్నర వేల పైన అప్పుకి కలిసింది. కెమెరా బీరువాలో, అప్పు నెత్తి మీద. 2022లో పని ఇస్తామని ఒక ఫోన్ వచ్చినప్పుడు నేను ఒక్క ప్రశ్న కూడా అడగకుండా సరే అన్నానంటే కారణం ఇదే.

అసైన్‌మెంట్

ఆరోగ్యం మీద పనిచేసే ఒక సంస్థ. జాతరలో నాలుగు రోజులు హెల్త్ క్యాంప్ పెడుతున్నాం, ఫొటోలు కావాలి, రోజుకి ఐదు వేలు, తిండి, పడక మావే, అయిపోయాక ఒరిజినల్స్ అన్నీ ఇవ్వాలి. అంతా ఫోన్‌లోనే. ఒక మెసేజ్ కూడా లేదు. నేను అడగలేదు.

ఆ జాతర ఫిబ్రవరి 16 నుంచి 19. దానికి రెండు వారాల ముందే ఫొటోగ్రాఫర్ భరత్ భూషణ్ గారు పోయారు. మా వరంగల్ మనిషి, తెలంగాణ పల్లెల గోడలు, తలుపులు, బతుకమ్మలు జీవితమంతా తీసిన మనిషి. ఆ బాధ మనసులో ఉండటం వల్లనో ఏమో ఈసారి పూనకాల వెంట పరిగెత్తాలనిపించలేదు, జనం గుడారాల్లో ఏం చేసుకుంటున్నారో చూడాలనిపించింది.

మూడో రోజు శుక్రవారం, మొక్కుల రోజు. క్యాంప్ సాయంత్రం ఐదుకి మూసేశారు. అప్పటికే మూడు రోజుల దుమ్ముకి 24-70 జూమ్ రింగ్ గరగరమని తిరగడం ఆపేసింది (తర్వాత కోఠీలో దాని రిపేరుకి 4,200 అయింది). బ్యాగులో అడుగున పాత డీ7000కి 50 ఎంఎం పెట్టి ఉంది, అది మెడలో వేసుకుని వాగు అవతల గుడారాల వైపు పోయా. ఒక చెట్టు కొమ్మకి ఇనుప తరాజు వేలాడదీస్తున్నారు. వాళ్ల ఊరి కిరాణా కొట్టు తరాజు, ట్రాక్టర్‌లో వేసుకొచ్చారట. ముసలమ్మ, కొడుకు, కోడలు, మనుమడు. "అమ్మా, ఫొటో తీసుకోనా" అన్నా, "తియ్యి బిడ్డా, మాకు కూడా ఒకటి ఇయ్యి" అంది.

పిల్లాణ్ని ఒక పళ్లెంలో కూర్చోబెట్టారు. రెండో పళ్లెంలో ముసలమ్మ బెల్లం ముద్దలు ఒక్కోటి పెడుతోంది, పెట్టిన ప్రతిసారీ ఒక అడుగు వెనక్కేసి ముల్లు చూస్తోంది. ముల్లు మధ్యకి వచ్చి నిలబడింది. కొడుకు "సరిపాయె అమ్మా" అన్నాడు. ఆమె వినలేదు, కొంగులోంచి ఇంకో ముద్ద తీసి పెట్టింది, "అమ్మోరికి తూకం సమానం కాదురా, మొగ్గుండాలె" అంది. అప్పుడు బెల్లం పళ్లెం కిందికి దిగింది, పిల్లాడి పళ్లెం పైకి లేచింది, వాడు ఉలిక్కిపడి రెండు చేతుల్తో గొలుసు పట్టుకున్నాడు. అదే ఫ్రేమ్. ఎడమ పక్క గాల్లో పిల్లాడు, కుడి పక్క కిందికి దిగిన బెల్లం, బెల్లం మీద ఇంకా ముసలమ్మ చెయ్యి. సమయం 5:52, షటర్ 1/160, అపర్చర్ 2.8, ఐఎస్ఓ 1600.

వాళ్ల ఊరి పేరు రాసుకున్నా. ఆదివారం హన్మకొండ వచ్చి మొత్తం నాలుగు రోజుల రా ఫైళ్లు (కెమెరా ఇచ్చే ఒరిజినల్స్) హార్డ్ డిస్క్‌లో కాపీ చేసి సంస్థవాళ్లకి ఇచ్చా, క్యాంప్‌వి వేరు, నావి వేరు అని విడదీయలేదు, క్యాప్షన్ ఒక్కదానికి కూడా రాయలేదు, కెమెరా దానంతటది వేసే డీఎస్‌సీ అండర్‌స్కోర్ నంబర్లే. ఇరవై వేలు అకౌంట్లో పడ్డాయి, మూడు కిస్తీలు కట్టేశా. ముసలమ్మకి ఇస్తానన్న ప్రింట్ ఇవ్వలేదు. పెళ్లిళ్ల సీజన్ మొదలైంది, మర్చిపోయా. ఈ మొత్తం కేసులో నేను చేసిన పెద్ద తప్పు ఇదే, ఆ ప్రింట్ ఇవ్వడానికి పోయి ఉంటే చాలా సంగతులు ముందే తెలిసేవి.

ఆ ఏడాది చివర్లో హైదరాబాద్‌లో ఇండియన్ ఫొటో ఫెస్టివల్‌కి పోయా, 2015 నుంచి జరుగుతున్న ఫెస్టివల్ అది, మాదాపూర్ స్టేట్ గ్యాలరీలో పెడతారు. అక్కడ పోర్ట్‌ఫోలియో రివ్యూలో కూర్చున్నా. నలభై ప్రింట్లు తీసుకుపోయా, చూసినామె ఇరవై నిమిషాల్లో ఇరవై ఆరు పక్కన పెట్టేసింది, మెడల్ వచ్చిన పూనకం ఫొటోలు రెండూ ఆ పక్కన పెట్టిన కట్టలోనే ఉన్నాయి. మిగిలిన పద్నాలుగింటిని టేబుల్ మీద పరిచి, తరాజు ఫొటోని మధ్యలో పెట్టి, "ఇక్కణ్నుంచి మొదలుపెట్టు, వీళ్లెవరు, వీళ్ల మొక్కేంటి" అంది. నాకు జవాబు తెలీదు. పిల్లాడి పేరు కూడా తెలీదు. సరిగ్గా నెలన్నరకి ఆ హెల్త్ సెంటర్ గోడ.

సెక్షన్ 17, సెక్షన్ 57

సంస్థకి ఫోన్ చేశా. "మీకు డబ్బులిచ్చేశాం కదా, ఫొటోలు మావే కదా" అన్నారు. మర్యాదగానే అన్నారు, వాళ్లు నిజంగా అలాగే నమ్ముతున్నారు. కోపంతో నా క్లాస్‌మేట్ వకీల్ దగ్గరికి పోయా, వాడు చట్టం తీసి చదివించాక కోపం పోయి భయం పట్టుకుంది.

1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17. మామూలుగా తీసినవాడిదే ఫొటో. కానీ అందులోనే ఇంకో మాట ఉంది, ఎవరైనా డబ్బిచ్చి అడిగి తీయించుకుంటే, వేరే ఒప్పందం ఏమీ లేకపోతే, ఆ తీయించుకున్నవాళ్లే మొదటి ఓనర్. ఒప్పందం ఉంటే మాత్రం మన ఒప్పందమే చెల్లుతది. అంటే నేను ఆరోజు ఫోన్ పెట్టేశాక "కాపీరైట్ నాదే" అని ఒక లైన్ మెయిల్ కొట్టి, వాళ్లు ఓకే అని ఉంటే కథ వేరే. పెళ్లి ఫొటోలు తీసేవాళ్లకి కూడా ఇదే వర్తిస్తది, మనకి తెలీకుండానే ఏళ్ల తరబడి పెళ్లివాళ్ల ఫొటోలు మన పేజీలో పెట్టుకుంటున్నాం, వేరే ఒప్పందం లేకపోతే అవి పెళ్లివాళ్లవి. నేను అప్పట్నుంచి బుకింగ్ కాగితంలో అది కూడా రాయించుకుంటున్నా. పేపర్లో జీతానికి చేసేవాళ్ల సంగతి మళ్లీ వేరు, దానికి వేరే క్లాజ్ ఉంది.

నా ఫొటో క్యాంప్ మూసేశాక తీసింది, టైమ్ ఉంది, క్యాంప్‌కి సంబంధం లేదు. అది వాదించొచ్చు అన్నాడు మావాడు. కానీ అదే డిస్క్‌లో పెట్టి నేనే ఇచ్చా, కాగితం లేదు, కోర్టుకి పోతే ఏళ్లు పడుతుంది. అప్పుడు వాడు సెక్షన్ 57 చూపించాడు. కాపీరైట్ చేతులు మారినా సరే, ఈ పని నాది అని చెప్పుకునే హక్కు, నా పరువుకి దెబ్బ తగిలేలా దాన్ని కోసినా మార్చినా అడ్డుపడే హక్కు తీసినవాడి దగ్గరే ఉంటాయి. పేరు వేయలేదని కాదు, బెల్లం కోసేశారని అడుగు అన్నాడు. కోయడం వల్ల అర్థం తిరగబడింది, దాంతో నీ పరువూ పోయింది, వాళ్ల పరువూ పోయింది అన్నాడు.

మెయిల్ రాసే ముందు ఆ ఊరికి పోయా. ఈసారి ప్రింట్ పట్టుకుని, పన్నెండు బై పద్దెనిమిది సైజు, కోయకుండా.

ఊరి పేరు రాయను, వాళ్లు ఇప్పటికే పడాల్సినంత పడ్డారు. క్యాలెండర్ నాకంటే ముందే ఆ ఊరి అంగన్‌వాడీకి చేరింది. పిల్లగానికి ఏం రోగం అని ఇంటిపక్కవాళ్లు అడిగారట, కోడలు పుట్టింటివాళ్లు ఫోన్ చేసి మావాడికి తిండి పెట్టట్లేదా అన్నారట. కోడలు నాతో మాట్లాడలేదు, లోపలికి పోయింది, ఆమెది న్యాయమైన కోపం. ముసలమ్మ మాత్రం చాప వేసి కూర్చోబెట్టింది. ఫోన్‌లో క్యాలెండర్ ఫొటో చూపించి ఒకటే అడిగింది, "గీడ పిలగాడు ఉన్నడు, అండ్ల బెల్లం ఏది బిడ్డా?"

ప్రింట్ ఇచ్చా. ఆమె మనుమణ్ని చూడలేదు ముందు, వేలితో బెల్లం ముద్దలు లెక్కపెట్టింది. "పదమూడు కిలోలు తూగిండు గప్పుడు, మీదికెళ్లి ఒక ముద్ద" అంది. అప్పటికి వాడికి రెండున్నరేళ్లు. అంగన్‌వాడీ టీచర్‌ని అడిగితే రిజిస్టర్ తీసి చూపించింది, ఆ వయసు మగపిల్లాడికి పదమూడు కిలోలంటే చార్ట్‌లో ఆకుపచ్చలోనే ఉన్నాడు, ఏ లోపమూ లేదు. మొగ్గు కోసం పెట్టిన ఆ ఒక్క ముద్ద వల్ల పళ్లెం పైకి లేచింది, బెల్లం కోసేసి చూస్తే పైకి లేచిన పళ్లెం తేలిక పిల్లాడిలా కనిపిస్తది. డిజైన్ చేసినవాళ్లకి క్యాప్షన్ లేని ఫొటో నేనే ఇచ్చా కాబట్టి వాళ్ల కళ్లకి అదే కనిపించింది.

మొక్కు దేనికమ్మా అని అడిగా. వీడు పుట్టకముందు పోయిన ఇద్దరు పిల్లల సంగతి చెప్పింది. అంతకంటే రాయను.

మెయిల్‌లో ఇవన్నీ పెట్టా, పదమూడు కిలోలు, రిజిస్టర్, కోడలి పుట్టిల్లు, సెక్షన్ 57. తొమ్మిదో రోజుకి జవాబు వచ్చింది. సైట్‌లోంచి తీసేశారు, మిగిలిన క్యాలెండర్లు పంచడం ఆపారు, ఇద్దరు మనుషులు ఆ ఊరికి పోయి ఆ ఇంట్లో క్షమాపణ చెప్పారు, ఆ ఫొటో నేను ఎక్కడైనా వాడుకోవచ్చని రాతలో ఇచ్చారు. డబ్బు నేను అడగలేదు. అడగాల్సిందని కొందరు మిత్రులు ఇప్పటికీ అంటారు, కాకపోతే నాకు ఆ రాత విలువ అప్పుడు తెలుసు.

2024

ఫిబ్రవరి 21 నుంచి 24. ఒక ఇంగ్లిష్ మ్యాగజైన్ నుంచి ఫొటో ఎస్సే అడిగారు, రివ్యూలో మిగిలిన ఆ పద్నాలుగు ఫొటోలు పంపితే వచ్చిన పని. నేను గద్దెల వైపు దాదాపు పోలేదు, ఆ ముసలమ్మ వాళ్ల ట్రాక్టర్‌లోనే పస్రా మీదుగా పోయా, వాళ్ల గుడారంలోనే పడుకున్నా, కోడలు రెండో రోజు పొద్దున చాయ్ ఇస్తూ మాట్లాడింది. రెండు బాడీలు, 35, 50 లెన్సులు, అంతే, జూమ్ లేదు, దుమ్ములో లెన్స్ మార్చే పని లేదు. నెట్‌వర్క్ జాతరలో ఎట్లాగూ ఉండదు కాబట్టి రాత్రి కూర్చుని ప్రతి ఫొటోకి ఎవరు, ఏ ఊరు, ఏం మొక్కు, ఏం చేస్తున్నారు అని ఫైల్ లోపలే ఐపీటీసీ ఫీల్డుల్లో (ఫొటో వివరాలు రాసుకునే గడులు) రాశా, నా పేరు, కాపీరైట్ లైన్ కూడా. ఫైల్ ఎవరి చేతికి పోయినా ఆ మాటలు దాంతోనే పోతాయి, ఎవరైనా చెరిపితేనో, వాట్సాప్, సోషల్ మీడియా లాంటివి వాటంతటవే తీసేస్తేనో తప్ప. పిల్లలున్న ఫొటోలకి తల్లినో తండ్రినో ఇది ఎక్కడెక్కడ అచ్చవుతదో చెప్పి అడిగా, ఒప్పుకుంటే ఫోన్‌లో వాళ్ల గొంతు రికార్డు చేసుకున్నా. ముగ్గురు వద్దన్నారు, ఆ ఫొటోలు ఎవరికీ పంపలేదు.

ఎస్సే వచ్చాక ఇంకో రెండు పనులు వచ్చాయి, హన్మకొండలో చిన్న ప్రదర్శన పెట్టాం, తరాజు ఫొటో కింద ముసలమ్మ చెప్పిన మాటే క్యాప్షన్‌గా పెట్టా. అప్పు తీరిపోయింది. డీ7000 ఇంకా నడుస్తోంది.

ఇప్పుడు ఏ పని వచ్చినా ఫోన్ పెట్టేసిన గంటలోపు కింద ఉన్న మెయిల్ పంపుతా. ఇప్పటిదాకా పద్నాలుగు మందికి పంపా, ఇద్దరు ఇట్లైతే వద్దన్నారు, ఒకరు రెండేళ్లు కాదు ఐదేళ్లు కావాలని బేరమాడి రేటు పెంచారు, మిగతావాళ్లు ఓకే అన్నారు. మీకు కావాలంటే తేదీలు, రేట్లు మార్చుకుని వాడుకోండి.

"నమస్తే. ఫోన్‌లో అనుకున్నట్టు ఫలానా తేదీల్లో మీ కార్యక్రమం ఫొటోలు తీస్తాను. రోజుకి ఇంత, ప్రయాణం, బస వేరు. ఈ ఫొటోల కాపీరైట్ నా దగ్గరే ఉంటుంది. మీ రిపోర్టుల్లో, వెబ్‌సైట్‌లో, సోషల్ మీడియాలో రెండేళ్లపాటు మీరు వాడుకోవచ్చు. క్యాలెండర్, పోస్టర్, ప్రకటన అయితే విడిగా మాట్లాడుకుందాం. ఫొటోతో పాటు నా పేరు, నేనిచ్చిన క్యాప్షన్ ఉండాలి, అర్థం మారేలా కత్తిరించకూడదు. మీ కార్యక్రమం వేళల బయట నేను తీసుకున్న ఫొటోలు ఇందులోకి రావు. దీనికి ఓకే అని మీ జవాబు రాగానే తేదీలు ఖాయం చేసుకుంటాను."